ఎనిమిది పసుపు చుక్కలు

“ఈ బండిలో నీ కూతుర్ని ఎక్కిస్తావా, మరిదీ?”

అడిగింది మేస్త్రీ భార్యకు అక్క, వరసకు వదిన. షెడ్డు ముందు తన పికప్ బండికి ఆనుకుని, నడుం మీద చెయ్యేసుకుని, కూరగాయలు బేరమాడినంత తేలిగ్గా అడిగింది. ఇంకెవరైనా అయితే “భలేవారే” అని నవ్వేసి ఊరుకునేవాళ్లు. మేస్త్రీ నవ్వలేదు. బండి వెనక్కి వెళ్లాడు, ముందుకొచ్చాడు, కింద పడుకుని చాసిస్ ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు, లేచి ప్యాంటు దులుపుకున్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

“పనయ్యాక ఎక్కిస్తాను, వదినా.”

“మాటేనా, రాసిస్తావా?”

“రాసివ్వడం దేనికి? దానికెలాగూ సెలవులు. మొదటి ట్రిప్పుకి మీరే తీసుకెళ్లండి.”

మామూలుగా అతను ఏ ప్రశ్నకైనా మూడు రోజులు గడువు అడిగే రకం. ఆ రోజెందుకో ధైర్యం పొంగింది. తర్వాత ప్రాణం మీదికి తెచ్చింది ఆ పొంగిన ధైర్యమే, భయం కాదు.

అతన్ని అందరూ చుక్కల మేస్త్రీ అంటారు. నలభై నాలుగేళ్లు. రెండు బళ్లు పట్టే రేకుల షెడ్డు, మూడోది వస్తే రోడ్డు మీదే పని. భయస్తుడు. ఇందులో దాచాల్సిందేమీ లేదు, అతనూ దాచడు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. గ్యాసు కట్టేశావా అని భార్యను అడుగుతాడు, కట్టేశానంటే లేచి వెళ్లి చూసొస్తాడు. “నా మాట మీద నమ్మకం లేని మనిషికి నాతో పెళ్లెందుకో” అని ఆవిడ దెప్పితే, “నిన్ను నమ్ముతానే, గ్యాసునే నమ్మను” అంటాడు.

ఈ భయానికి ఒక పుట్టినరోజు ఉంది. పందొమ్మిదేళ్ల వయసులో, పని నేర్చుకుంటున్న షెడ్డులో, ఒక వ్యాను చక్రానికి నట్లు బిగిస్తుండగా టీ వచ్చింది. తాగాడు. తిరిగొచ్చి, అన్నీ బిగించేశాననుకుని జాకీ దించేశాడు. వ్యాను రెండు వీధులు దాటాక చక్రం ఊడి, దొర్లుకుంటూ వెళ్లి ఒక ఇంటి ప్రహరీకి కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. గోడకు అవతల ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. చక్రానికీ ఆయన మోకాళ్లకూ మధ్య ఉన్నది ఒక ఇటుక మందం. ఇరవై అయిదేళ్లుగా మేస్త్రీ నిద్ర ఆ ఇటుక మందం మీదే ఆధారపడి ఉంది.

చుక్కలు మొదలైంది ఆ మర్నాటి నుంచే. ఒక చిన్న సీసాలో పసుపు రంగు ఎనామెల్, మూతకే బ్రష్. బోల్టు పూర్తిగా బిగిశాక దాని తల మీద ఒక చుక్క. చుక్క ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. పని చివర్లో ఏది బిగించాను, ఏది వదిలేశాను అని గుర్తు తెచ్చుకోడు. చుక్కలు లెక్కపెడతాడు, అంతే. “జ్ఞాపకం మనం అడిగిన జవాబే చెబుతుంది. చుక్కకి మొహమాటం లేదు” అంటాడు. పని మీద భక్తి ఉంటే తప్పు జరగదని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎన్నడూ పానా పట్టి ఎరగరు. భక్తి ఉన్నవాడికీ టీ వస్తుంది.

ఇక వదిన. ఆవిడ బండి తోలడం వెనక కన్నీటి కథలేవీ లేవు. ఆవిడకు డ్రైవింగ్ వచ్చు, భర్తకు రాదు. ఆయనకు వంట వచ్చు, ఆవిడకు రాదు. ఎవరికి వచ్చిన పని వాళ్లు చేసుకుంటున్నారు. కొండ మీద రాళ్ల క్వారీ నుంచి నేల పరుపు రాళ్లు కింద ఊళ్లోని దుకాణాలకు తోలుతుంది. నెల కిందట క్వారీలో క్రేన్ కొక్కెం జారి, ఒక పెద్ద పలక నిలువునా బండి వెనక తొట్టిలో పడింది. తొట్టి అడుగు గిన్నెలా సొట్టబోయింది, ఎడమ పక్క రేకు అతుకు విడిపోయి చెవిలా వేలాడింది. సరిచేద్దామని మేస్త్రీ గీకి చూస్తే, రంగు కింద ఉన్నదంతా తుప్పే.

“దీన్ని బాగుచెయ్యడం కంటే తీసి పారేసి వేరేది వెయ్యడం నయం, వదినా.”

“వేరేది ఎక్కడుంది?”

పాత ఇనుము యార్డులో ఉంది. అదే కంపెనీ పికప్, మూడేళ్లు కొత్త మోడల్. ముందు భాగం నుజ్జునుజ్జయిపోయింది, వెనక తొట్టి మీద గీత కూడా పడలేదు. దాని ముందు సీట్లో కూర్చున్నవాళ్లు ఏమయ్యారో మేస్త్రీ అడగలేదు. అడిగితే ఆ తొట్టి తేలేడని అతనికి తెలుసు. “ఒకే కంపెనీ, ఒకే సైజు. కళ్లు మూసుకుని బిగించెయ్” అన్నాడు యార్డు యజమాని. కళ్లు మూసుకునే పనులు మేస్త్రీ నిద్రలో కూడా సరిగ్గా చెయ్యలేడు.

తీరా తెచ్చి పెడితే ఏదీ సరిపోలేదు. డీజిల్ మూత కన్నం రెండంగుళాలు పైకుంది. వెనక లైట్ల ప్లగ్గుకు ఆరు పిన్నులు, బండి వైరుకు నాలుగు. చాసిస్ మీద తొట్టిని పట్టి ఉంచే బోల్టులు ఎనిమిది. ఆరింటి కన్నాలు కుదిరాయి గానీ, డ్రైవరు సీటుకు వెనక ఉండే ముందు రెండూ నాలుగు వేళ్ల దూరం తప్పాయి. పైగా కొత్త తొట్టి తెలుపు, బండి ముందు భాగం వెలిసిపోయిన నీలం.

“ముందు నుంచి చూస్తే అత్త, వెనక నుంచి చూస్తే కోడలు. ఇద్దరికీ పడుతుందంటావా?” అంది వదిన.

“పడేట్టు చేస్తాను.”

“మా ఇంట్లో చేసి చూపించు ముందు.”

ముందు రెండు కన్నాల కోసం మందపాటి ఇనప పలకలు కోసి చాసిస్‌కు వెల్డింగ్ చేశాడు. పలక మందం అడ్డు రావడంతో కొత్త తొట్టితో వచ్చిన పదిహేడు నంబరు బోల్టులు అక్కడ పొట్టివయ్యాయి. పాత తొట్టి నుంచి తీసిన బోల్టులు పొడుగైనవి, పందొమ్మిది నంబరువి, ఎనిమిదీ ఒక డబ్బాలో పడున్నాయి. వాటిలో గట్టివి రెండు ఏరి, కిరసనాయిల్లో కడిగి, మరలు బ్రష్‌తో రుద్దాడు. తొట్టిని ముందుకీ వెనక్కీ జరిపి సరిచూసుకోవాలి కాబట్టి, ఆ రెండూ కన్నాల్లో వేసి నట్లు చేత్తో రెండు చుట్లు మాత్రం తిప్పి వదిలాడు. మిగతా ఆరూ బిగించాడు, ఆరింటికీ చుక్కలు పెట్టాడు. ఆఖరున ముందు రెండూ బిగిద్దామనుకుంటుండగా బ్రేకు తొక్కితే ఎడమ పక్క సిగ్నల్ వెలిగింది. ఆ వైరింగు చిక్కు ముడి విప్పేసరికి ఆ రోజు అయిపోయింది.

మర్నాడు తొమ్మిదింటికి వదిన వచ్చింది. కూతురు ముందే సీట్లో కూర్చుని కాళ్లాడిస్తోంది. మేస్త్రీ తొట్టిలోకి ఎక్కి, ఎప్పటిలాగే వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. ఎనిమిది పసుపు చుక్కలు. దిగి, చేతులు తుడుచుకున్నాడు.

“కూలి పన్నెండు వేలల్లో ఎనిమిది ఇచ్చేశాను. మిగతా నాలుగు లోడు దించొచ్చాక” అంది వదిన.

“అలాగే.”

“మీ నాన్న బండి ఇది. ఊడితే ఆయన్నే అడగాలి మనం” అంది పిల్లతో. పిల్ల నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు.

పదకొండూ పదికి ఇంకో బండి పని తగిలింది. దానికి పందొమ్మిది నంబరు సాకెట్, ఆ సైజు బోల్టులకే పట్టే పానా గిన్నె, కావాల్సి వచ్చింది. పెట్టె మూత తీశాడు. శనివారం సాయంత్రం సాకెట్లన్నీ గుడ్డతో మెరిసేలా తుడిచి వరసగా సర్దిపెట్టడం అతని అలవాటు. పాత తొట్టి విప్పింది ఆ శనివారానికి ముందే, తర్వాత చేసింది వదిన బండికి కొత్తది బిగించడం ఒక్కటే. పదిహేడు నంబరు సాకెట్ గ్రీజుతో నల్లగా ఉంది. పందొమ్మిది మాత్రం తన గాడిలో పడుకుని, పెళ్లికి ముస్తాబైనట్టు తళతళా మెరుస్తోంది.

దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మొదట అర్థం కాలేదు. సాకెట్ తీసి లోపలా బయటా తిప్పి చూశాడు. ముట్టుకోకపోతే ముందు రెండు బోల్టులు దేనితో బిగించాడు? బిగించకపోతే వాటి మీద చుక్కలు ఎలా వచ్చాయి? చుక్కలు చూశాడు, కళ్లారా చూశాడు, ఏడు, ఎనిమిది అని పైకి అన్నాడు కూడా. గబగబా మూలనున్న డబ్బా తీసి, మిగిలిన పాత బోల్టులు నేల మీద కుమ్మరించాడు. ఆరు బోల్టులు, ఆరు తలలు, గోటితో గీకితే ఆరు పసుపు చుక్కలు. నాలుగేళ్ల కిందట ఇదే బండికి చాసిస్ పని చేసి, పాత తొట్టి తిరిగి ఎక్కించినప్పుడు తను పెట్టినవి. ఏరిన రెండింటి మీద తుప్పు కింద, మట్టి కింద దాక్కున్న చుక్కల్ని కిరసనాయిల్లో కడిగి కొత్తవాటిలా మెరిపించింది కూడా తనే.

ఇన్నేళ్లూ ఊరందర్నీ అతని పొరపాట్ల నుంచి కాపాడిన చుక్క, అతని కూతురి వెనక అబద్ధం చెప్పింది. ఇంత జాగ్రత్త లేని మేస్త్రీ అయితే ఈ తప్పు చేసేవాడే కాదు. అతని బోల్టుల మీద చుక్కలే ఉండవు.

ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాడు. వదిన బండి తోలేటప్పుడు ఫోన్ డ్యాష్‌బోర్డు అరలో పడేసి మూసేస్తుంది. ఆవిడది మంచి అలవాటంటూ పోయిన వారమే భార్య దగ్గర మెచ్చుకున్నాడు. మూడోసారి కూడా ఎత్తలేదంటే ఆవిడ బండి తోలుతున్నట్టే. ఎక్కేటప్పుడు బండి ఖాళీ, కాబట్టి ఫరవాలేదు. తొమ్మిదికి బయల్దేరి గంట ప్రయాణం, గంట లోడింగ్. అంటే ఇప్పుడు దిగుతోంది. వెనక టన్నుకు పైగా రాయి. ఏటవాలులో బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ బరువంతా ముందుకే తోస్తుంది, ముందున్నది సీటు వెనక రేకు, ఆ రేకుకు ఆనుకుని పిల్ల తల.

ఆరు బోల్టులు ఉన్నాయి కదా, పట్టి ఉంచవా? ఉంచొచ్చు. కొత్త మోడల్ రేకు పాతదానికంటే పలుచన. కన్నాల దగ్గర చిరగడం మొదలుపెడితే ఆరూ అరగంటలో ఊడిపోతాయి.

పక్కనున్న టైర్ల కొట్టు అతని దగ్గరికి పరుగెత్తాడు.

“నీ మోపెడ్ ఇవ్వు.”

“నువ్వా? ఎక్కడికి?”

“కొండ మీదికి.”

“సందులో స్పీడ్ బ్రేకర్ చూస్తే దిగి నడిపించుకెళ్లే మనిషివి, కొండెక్కుతావా?” అని పరాచికమాడబోయి, అతని మొహం చూసి, తాళం చేతిలో పెట్టాడు.

సాకెట్, పానా, పాత బోల్టుల డబ్బా సంచిలో వేసుకున్నాడు. రంగు సీసా గుర్తు రాలేదు.

కొండ దారికి ఏడు మలుపులు. మేస్త్రీ ఆ దారిన పదేళ్లలో రెండుసార్లు వెళ్లాడు, రెండుసార్లూ బస్సులో, లోయ కనపడని పక్కన కూర్చుని. మోపెడ్ ఏడుస్తున్నట్టు మూలుగుతూ ఎక్కుతోంది. మొదటి మలుపు దగ్గర రోడ్డు మీద పగిలిన రాతి ముక్కలు కనిపించాయి. దగ్గరికెళ్తే పాతవి, నాచుపట్టినవి. రెండో మలుపులో లోయలోకి చూడకూడదనుకుని చూశాడు. తెల్లగా ఏదో ఉంది. మోపెడ్ ఆపాడు. చెట్ల మధ్య ఎవరో పారేసిన బస్తా. మళ్లీ ఎక్కాడు, స్టాండు తీయడం మర్చిపోయి, అది రోడ్డుకు రాసుకుంటుంటే ఏదో విరిగిందనుకుని మళ్లీ ఆగాడు.

పైనుంచి ఒక లారీ హారన్ కొడుతూ దిగింది. ఎదురొచ్చే ప్రతి బండి చప్పుడూ పికప్ చప్పుడే అనిపిస్తోంది, ప్రతి నిశ్శబ్దమూ ఇంకా ఘోరంగా ఉంది. మొక్కుకోవడం అతనికి అలవాటు లేదు. అందుకని లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది అనలేక, మళ్లీ ఒకటి నుంచి.

నాలుగో మలుపు తిరిగేసరికి బండి కనిపించింది. రోడ్డు పక్క ఆగి ఉంది. డ్రైవరు తలుపు తెరిచి ఉంది. సీట్లో ఎవరూ లేరు. రోడ్డు అంచున పిల్ల వంగి మోకాళ్ల మీద ఉంది, వదిన దాని తల పట్టుకుని ఉంది.

మోపెడ్ కింద పడిపోయింది. అతను పడేశాడో, అదే పడిందో తెలియదు.

“ఏమైందే? ఎక్కడ తగిలింది? రక్తమేది?”

పిల్ల మొహమెత్తింది. మూతి తుడుచుకుంది. “వాంతి, నాన్నా.”

“పెద్దమ్మ బిస్కెట్లు పెట్టిందని ప్యాకెట్ మొత్తం లాగించింది. మలుపుల్లో కడుపు తిప్పింది. ఇంకెక్కడా చోటు లేనట్టు ఇక్కడే ఆపమంది” అంది వదిన. అప్పుడు అతన్ని సరిగ్గా చూసింది. “నువ్వేంటి ఇక్కడ?”

ఇందులో వెతుక్కోవాల్సిన నీతి లేదు. పిల్లకు ఏ చప్పుడూ వినపడలేదు, ఏ కీడూ మనసుకు తట్టలేదు. అది తిన్న బిస్కెట్లే బండిని ఆపాయి.

మేస్త్రీ సంచి కింద పెట్టాడు. చక్రాల ముందు రాళ్లు పెట్టి, బండి కిందికి దూరాడు. ఎడమ పక్క బోల్టు ఒరిగిపోయి, నట్టు చివరి మర మీద వేలాడుతోంది. కుడి పక్క నట్టూ లేదు, బోల్టూ లేదు, కన్నం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. తొట్టి బొటనవేలు మందం ముందుకు జరిగి, సీటు వెనక రేకును తాకి నీలం రంగు గీకింది. మిగతా ఆరు బోల్టుల దగ్గర గుండ్రంగా ఉండాల్సిన కన్నాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయి. ఇంకెన్ని మలుపులు ఆగేదో ఎవరూ చెప్పలేరు. చెప్పగలనన్నవాడు కోతలు కోస్తున్నట్టే.

కింద నుంచే చెప్పాడు. “నేను బిగించలేదు, వదినా.”

“ఏంటి బిగించంది?”

“ముందు రెండూ.”

ఆవిడ వంగి చూసింది. కుడి కన్నంలో వేలు పెట్టింది. వేలు పూర్తిగా లోపలికి పోయింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. పదకొండేళ్ల పిల్ల, కాళ్లు నేలకానుతున్నాయి.

పిల్ల తల మీద నుంచి అతన్ని చూస్తూ అంది. “నా ముందే లెక్కపెట్టావు కదయ్యా.”

“ఆ రెండూ నాలుగేళ్ల కిందటి చుక్కలు.”

“పట్టపగలే చుక్కలు చూపించావన్నమాట.”

నవ్వించడానికి అనలేదు. ఎవరూ నవ్వలేదు.

బండిలోని జాకీ తొట్టి ముందు అంచు కింద పెట్టి లేపాడు. వదిన బండిలో రాళ్లు జరిపే గడ్డపారతో వెనక్కి నెట్టింది, ఆవిడ చేతుల నరాలు తేలాయి. కన్నాలు ఎదురెదురుగా వచ్చేసరికి ఇద్దరూ చెమటతో తడిసిపోయారు. డబ్బాలోంచి ఒక పాత బోల్టు తీశాడు. దాని తల మీద పసుపు చుక్క. కన్నంలో వెయ్యబోయి ఆగి, రోడ్డు పక్క రాయికేసి తల రుద్దడం మొదలుపెట్టాడు. చుక్క పూర్తిగా పోయి ఇనుము తెల్లబడేదాకా రుద్దాడు. ఎడమ పక్కది కూడా విప్పి తీసి రుద్దాడు. అప్పుడు రెండూ వేసి, పందొమ్మిది సాకెట్ పెట్టి, ఇంక తిరగనంటే కూడా ఊరుకోకుండా బిగించాడు.

“చుక్కేది?” అంది వదిన.

“సీసా షెడ్డులో ఉంది.”

“మరి ఎలా నమ్మమంటావు?”

అతను సాకెట్ తుడిచి జేబులో వేసుకున్నాడు.

“నేనూ ఎక్కుతాను. పిల్లని నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను.”

వదిన అతని వంక చూసింది. “నీ ఒళ్లో వాంతి చేసుకుంటే నన్ననకు” అని తలుపు తీసింది.

మోపెడ్‌ను రాళ్ల పైన పడుకోబెట్టి కట్టారు. నాలుగు మలుపులూ నడక వేగంతో దిగారు. మేస్త్రీ ఒక చెయ్యి పిల్ల నడుం చుట్టూ, ఇంకో అరచెయ్యి సీటు వెనక రేకు మీద ఆనించి కూర్చున్నాడు, వెనక ఏది కదిలినా ముందు తన చేతికి తెలియాలని. ఏదీ కదల్లేదు. చెయ్యి మాత్రం ఊళ్లోకొచ్చాక కూడా అక్కడి నుంచి తియ్యలేదు. దుకాణం ముందు బండి ఆగాక వదినే అతని మణికట్టు పట్టుకుని లాగింది.

ఆ వారంలోనే సాగిన కన్నాల కింద పలకలు వేసి మళ్లీ బిగించాడు. ఇప్పుడు షెడ్డులో ఏ బోల్టు విప్పినా ముందు దాని చుక్క గీకిన తర్వాతే డబ్బాలో పడుతుంది. చివర్లో చుక్కలు లెక్కపెట్టాక, అన్నింటి మీదా ఇంకోసారి సాకెట్ పెట్టి చూస్తాడు. పని అరగంట ఆలస్యమవుతుంది, బళ్ల యజమానులు విసుక్కుంటారు. భార్యతో కొండ సంగతి చెప్పింది వదిన కాదు, అతనే. ఆవిడ విని, లేచి వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసొచ్చింది.

వదిన బండి ఇప్పటికీ అదే తొట్టితో, అదే కొండ మీద తిరుగుతోంది. సర్వీసుకు ఆ షెడ్డుకే తెస్తుంది, ఆ పనులకు చెల్లించాల్సింది అక్కడికక్కడే చెల్లిస్తుంది. తొట్టి మార్చిన కూలిలో నాలుగు వేలు రెండేళ్లయినా ఇంకా రావాలి. ఆవిడ ఇవ్వలేదు, మేస్త్రీ అడగలేదు.